నడుమా, పిడికిలా?

నాచారంలో మా వీధి చివర జిమ్ ఉంది. అక్కడ బరువుల రాడ్డు నేల మీంచి లేపుతుంటే, నడుము అలసిపోకముందే నా వేళ్లు జారిపోయేవి. మరి ముందు బలం పెంచాల్సింది నడుముకా, పిడికిలికా? కోచ్‌ని అడిగాను.

"చేతులకు పట్టీలు కట్టుకో, అన్నా. ముందుగాల నడుము సంగతి సూడు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. రాడ్డును పట్టీలే పట్టుకుంటే వేళ్ల సంగతి తేలేదెప్పుడు?

ఆ ఆదివారం డాబా మీద అమ్మా నేనూ ఉతికిన చద్దరు పిండాం. చెరో కొస పట్టుకుని, ఆమె ఒకవైపు, నేను ఇంకోవైపు మెలితిప్పాం. నీళ్లు కారడం మొదలవగానే నా కొస జారింది. అమ్మ కొస కదల్లేదు.

"రోజూ జిమ్ముకు పోయి ఏం జేస్తున్నవ్ రా?" అంది.

సిగ్గు కంటే సంబరమే ఎక్కువైంది. జవాబు దొరికింది కదా! ఇక నడుమును వదిలేసి నెలల తరబడి పిడికిలికే పని పెట్టాను. రాడ్డుకు వేలాడాను, డంబెల్స్ మోస్తూ నడిచాను.

చలికాలం వెళ్లాక అమ్మ పెద్ద రగ్గు ఉతికింది. ఆమె ఒక కొస పట్టుకుంటే, తడి బరువుకు ముందుకు వంగి, బలమంతా పెట్టి రెండో కొస తిప్పాను. ఒక్క వేలూ జారలేదు.

"శాబాష్ బిడ్డా, ఇగ లే" అంది అమ్మ.

లేద్దామంటే నడుము ఒప్పుకోలేదు.