అవ్వ అన్న ‘బస్’

నన్ను గన్న మా అవ్వ ఈరవ్వకు కోపం ముక్కు మీదుంటది. గా కోపమే లేకుంటే నేను పుట్టేదాన్నే గాదు. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న.

పందొమ్మిదొందల యాభై ఎనిమిదిల సంగతి. మొగడు సచ్చిపోయినంక అవ్వ బోధన్‌ల, ఫ్యాక్టరీకి పోయే చెరుకుబండ్లు వరుస కట్టే కాడ, పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు అమ్మేది. ఊరి బండ్లోళ్లు సద్ది తెచ్చుకునేది, ఇగ ఈమె రొట్టెలెవరు కొంటరు? ఎడపల్లిల ఉండే మా మ్యానమామ పోశన్న, "పొయ్యి ఆర్పు, మా ఇంటికి రా" అన్నడు. పోతే వదినె కింద అంట్లు తోముడు, అడిగి తినుడు. అవ్వకు గది సావుతోటి సమానం. అయినా ఏం జేస్తది? సాయంత్రం మామ బండి కట్టుకొని వస్తనన్నడు. ఉన్న పిండంత కలిపి ఆఖరి రొట్టెలు కొడుతున్నది.

గప్పుడు తుకారాం అని దెగ్లూర్ బండాయన బీడీకి నిప్పు కావాలని వచ్చి నిలవడ్డడు. రాష్ట్రాలు పంచుకున్నప్పుడు దెగ్లూర్ అటు మరాఠోళ్ల దిక్కు పోయింది గని, వాళ్ల చెరుకు ఇటే వచ్చేది. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఊకనే ముచ్చట పెట్టనీకి వచ్చిండనుకొని అవ్వ కస్సుమన్నది.

"బస్! ఇగ బస్!"

ఇగ చాలు, పో అని ఈమె మాట. మరాఠీల బస్ అంటే కూసో అని. ఆయన కూసున్నడు.

"బస్ అంటే సమజ్ గాదా?"

పాపం, సరిగ్గ కూసోలేదేమో అనుకొని ఆయన కాళ్లు మడిచి సక్లముక్లం పెట్టుకొని మంచిగ కూసున్నడు. రెండు భాషలొచ్చిన పక్క బండోడు సంగతి చెప్తే, అవ్వ పొట్ట పట్టుకొని నవ్వింది. మొగడు పోయినంక గదే మొదటి నవ్వు.

నవ్వినందుకు సిగ్గుపడి రొట్టె, ఎల్లిగడ్డ కారం పెట్టింది. ఆయన తిని, ఎనకున్న తనోళ్లను కేకేసి పిలిచిండు. దూరం నుంచి వచ్చినోళ్లు, సద్దులు అయిపోయి కడుపులు కాలుతున్నయి. ఈమె అరుపులకు జడిసి ఇన్నొద్దులు దగ్గరికి రాలేదట! పగటి బువ్వ యాళ్లకు పిండి అయిపోతే అవ్వ ఉరికి ఇంకింత తెచ్చుకున్నది.

సాయంత్రం మామ వచ్చిండు.

"నేను రానే, అన్నా. నా పొయ్యి నాకుండని" అన్నది అవ్వ.

మామ పొయ్యి కాడ కూసున్న తుకారాం దిక్కు గుర్రుగ చూసి, "వీని కోసమా?" అన్నడు. మాట తెలువకున్నా తుకారాంకు ఆ చూపు తెలిసింది. ఆయన గొంగడి దులుపుకొని లేవబోయిండు.

"బస్" అన్నది అవ్వ, మెల్లగ.

చెల్లె వాన్ని ఎల్లగొట్టిందనుకొని మామ మీసం దువ్విండు. తుకారాం మాత్రం మళ్ల కూసున్నడు.

గాయననే మా బాపు. ఎండకాలం రాకముందే మారుమనువు అయ్యింది. ఇప్పటికీ కోపమొస్తే అవ్వ "బస్!" అని అరుస్తది. బాపుకు ఇప్పుడు తెలుగు మంచిగొస్తది, ఏ బస్సో తెలుసు.

అయినా కూసుంటడు.