ముత్తక్క కుడిచెయ్యి

మిరప కోతల రోజుల్లో సాయంత్రం పూట నా ఆటో చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. వెనక కూర్చున్న ఆడవాళ్లంతా చేతులు బయటికి చాపి గాలికి పెడతారు. పొద్దంతా కాయలు కోసిన చేతులు భగభగ మండుతుంటాయి మరి. ఎదురుగా లారీ వస్తే చేతులు పోతాయని నేను అరుస్తాను. అరిచి అరిచి నా గొంతు పోయిందే తప్ప ఒక్క చెయ్యీ లోపలికి రాలేదు.

ఆ ఏడు ముత్తక్క మాత్రం ఎడమ చెయ్యే బయట పెట్టేది. కుడిచెయ్యి హాయిగా ఒళ్లో ఉండేది.

అడవి అంచున ఉన్న కోయగూడెం ఆమెది. అక్కడి నుంచి జూలూరుపాడు వైపు చేలకు కోతకొచ్చే ముఠాకు ఆమే పెద్ద. ఆమె సాలు పట్టిందంటే పక్కవాళ్లు వెనకబడాల్సిందే. నోరూ అంతే జోరు. నన్ను తమ్మీ అని పిలుస్తూనే, గుంతలో బండి ఎగిరినప్పుడల్లా నా ఏడు తరాలనూ తలుచుకునేది.

కుడిచెయ్యి మండడం మానేసిందని మొదట ఆమే నవ్వుతూ చెప్పింది. కొన్నాళ్లకు అది గూడెమంతటికీ గొప్పయిపోయింది. అమ్మవారి చలువ అన్నారు. పొయ్యి మీది గంజి గిన్నెను గుడ్డ లేకుండా దించుతుంటే అందరూ చుట్టూ చేరి చూసేవారు. చివరికి చంటిపిల్లల పని కూడా ఆమెకే అప్పజెప్పారు. కారం చేతులతో బిడ్డను ముట్టుకోవడానికి ఏ తల్లికైనా భయమే. మండని చెయ్యి ఒకటి ఉంది కదా, దానికి భయమేమిటని వాళ్ల లెక్క.

ఒక మధ్యాహ్నం నేను మంచినీళ్ల క్యాన్లు దింపుతున్నాను. గట్టు మీద చీర ఉయ్యాలలో, ముఠాలోని యశోద బిడ్డ లేచి ఏడుస్తోంది. ముత్తక్క వెళ్లి ఎత్తుకుని, కుడిచేత్తో దాని ముక్కు తుడిచింది. అంతే, బిడ్డ గుక్కపట్టింది. మూతంతా కందిపోయింది. యశోద సాలులోంచి పరుగెత్తుకొచ్చి బిడ్డ ముఖం మీద మజ్జిగ పోసింది.

"నీ చెయ్యి మండదంటివి గదక్కా," అంది.

"ఇప్పుడు గూడా మండుతలేదే," అని ముత్తక్క తన వేలు నాలుకకు రాసుకుంది. వెంటనే తుపుక్కున ఉమ్మింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు తెలిసింది నాకు. కారం చేతి నిండా ఉంది. ఆ సంగతి చేతికే తెలియడం లేదు. దగ్గరికి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూశాను. బొటనవేలి కింద కాలిన బొబ్బ పగిలి చీము పట్టి ఉంది. చిటికెన వేలు లోపలికి వంగి ఉంది.

"ఎప్పుడు కాలిందక్కా?"

"ఏమో తమ్మీ, తెల్వదు."

దవాఖానాకు పోదామంటే కోతలయ్యాక చూద్దామంది. ఆమె పెనిమిటి బొజ్జయ్య ఏదో వేరు తెచ్చి మణికట్టుకు కట్టాడు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున చేను దగ్గర తిప్పాల్సిన బండిని తిప్పకుండా, ముఠా మొత్తంతో నేరుగా కొత్తగూడెం పెద్ద దవాఖానాకు తోలాను. దారి పొడవునా పడ్డ తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముత్తక్కను కళ్లు మూసుకోమంది. తగిలిన చోటల్లా చెప్పమని, పెన్ను మొనతో వేళ్ల మీద ఒకచోట తాకింది. ఇంకోచోట తాకింది. అరచేతిలో నొక్కింది. ముత్తక్క కళ్లు మూసుకుని, బుద్ధిగా చెయ్యి చాపి కూర్చునే ఉంది.

"ఎప్పుడు మొదలుపెడతవ్ డాక్టరమ్మా?" అంది.



డాక్టరమ్మ మోచేతి వెనక వేలితో తడిమింది. నరం ఉబ్బి తాడులా తగులుతోందట. జబ్బ మీద తెల్లబారిన మచ్చ ఒకటి కనబడింది. దురద లేదు, నొప్పి లేదు, అందుకే ముత్తక్క దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు.

"ఇది కుష్టు అమ్మా. భయపడకు, మందుల్తోని తగ్గుతది," అంది డాక్టరమ్మ.

"పెద్దరోగమా?" ముత్తక్క గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదలు. "నా చెయ్యి పోతదా?"

"ఊకుంటే పోతది. నరం దెబ్బతింటే ముందు స్పర్శ పోతది, తర్వాత బలం పోతది. కాలినా తెగినా నీకు తెలవదు. పుండు పడుతది, అదే చేతిని తినేస్తది. నువ్వు జల్దీనే వచ్చినవ్. మాత్రలు ఇక్కడ ఊరికే ఇస్తరు. నరం వాపుకు వేరే మందు ఇస్త. మొత్తం తిరిగొస్తదని మాటియ్యలేను గానీ, చాలా మట్టుకు రావచ్చు."

"మరి పిల్లల్ని ముట్టుకున్న గదమ్మా."

"మందు మొదలైనంక నీ నుంచి ఇంకొకరికి అంటదు. బయట వాళ్లందర్నీ గూడ చూస్త, రమ్మను."

వరండాలో కూర్చున్న ముఠాకు ముత్తక్కే ఉన్నదున్నట్టు చెప్పింది. యశోద బిడ్డను భుజం మార్చుకుని, బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

"కూసో అక్కా. రేపటి సంది పొయ్యి కాడికి వస్తే కాళ్లిరగ్గొడత," అంది.

ముత్తక్క కూర్చుని కొంగులో ముఖం దాచుకుంది. నేను బండి తుడిచే వంకతో బయటికొచ్చి ఏడ్చాను. చెయ్యి ఉంటుందన్న ఒక్క మాటకే అంత ఏడుపొస్తుందనుకోలేదు.

ఆ తర్వాత ఆమె మాత్రలు మానలేదు. రోజూ పొద్దున్నే చెయ్యి తిప్పి తిప్పి చూసుకునేది, వంగిన వేలిని ఎడమ చేత్తో సాగదీసేది. వేలు కొంత తిన్నగా అయింది. స్పర్శ మాత్రం ఎంతకీ రాలేదు. ఇక ఇంతేలే తమ్మీ అనడం మొదలుపెట్టింది. ఆ మాట వింటే నాకు కోపమొచ్చేది.

మరుసటి వేసవిలో బీడీలు చుట్టే తునికాకు కోత మొదలైంది. కల్లానికి మోపులు తోలడానికి బండి తీసుకుని అడవిలోకి వెళ్లాను. పొదల్లోంచి ముత్తక్క కేక వినబడింది. పాము అనుకుని పరుగెత్తాను. ఆమె ఆకుల్లో చతికిలబడి కుడి అరచేతిని కళ్ల దగ్గర పెట్టుకుని ఉంది. మధ్యలో రేగుముల్లు దిగబడి, సన్నగా నెత్తురు కారుతోంది.

తీద్దామని నేను వంగాను. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తియ్యకు తమ్మీ," అంది. "జర సేపు ఉండనీ."