ఈశ్వరి వినని మోత

ఉదయం ఆరున్నరకి విజయనగరంలో పాసింజరెక్కాను. వెళ్తున్నది ఇత్తడి పనికి పేరున్న బుడితికి, ఈశ్వరి వాళ్ల నాన్న దగ్గరికి. ఈశ్వరీ నేనూ ఒకే ల్యాబులో మూడేళ్లు పనిచేశాం. కిందటి వానాకాలం డెంగ్యూతో పోయింది. ఆయన ముందు నేను ఒప్పుకోవాల్సిన తప్పొకటి ఉంది.

ఎనిమిదికి ఆముదాలవలసలో దిగి, రెండు బస్సులు మారి నరసన్నపేట చేరాను. బుడితి ఆటోలో పక్కావిడ, "ఇత్తడి సామాన్లకేటి? ఎండెక్కకముందే ఎల్లు బాబూ, తరవాత కొలిమికాడ నిల్సోలేవు" అంది. మీరు వెళ్లినా ఆ మాట వినండి.

పదకొండింటికి ఈశ్వరి వాళ్ల నాన్న కొలిమి దగ్గర సుత్తి పక్కనపెట్టి నాకు పీట వేశాడు. "మా పిల్ల పనేటో నాకు తెల్సు" అంటూ ఇత్తడి పళ్లేన్ని నేలకి ఆనించి కొట్టాడు. మోగలేదు. కింద గడ్డి కుదురు పెట్టి కొడితే ఖంగుమంది. "నేల నికెలు, కుదురు ఎండి. ఇలాగే సెప్పింది. ఈ కుదురూ అది సుట్టిందే."

నిజమే. అణువు మందం గ్రాఫీన్ రేకు నికెల్‌కి అతుక్కుంటే లేజర్ వేసినా దాని కంపనాల సంకేతం అందదు. మధ్యలోకి వెండి దూరితే రేకు పట్టు వదులుతుంది, సంకేతం పైకొస్తుంది. వెండి దూరాలంటే వేడి చాలాలి.

"ఒకరోజు, వేడిచేసే యంత్రం నా వంతొచ్చిందని ఈశ్వరి నమూనా ముక్క వేడిని గంట ముందే ఆపించానండి. పరీక్షలో ఏమీ రాలేదు. తను పోయాక, గాలి తీసేసిన పెట్టెలో ఉండిపోయిన ఆ ముక్కనే మళ్లీ వేడిచేశాను. సంకేతం వచ్చింది."

ఆయన పళ్లెం కింది కుదురు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా తెలివి సాల్లేదు నాన్నా అని ఏడిసింది, ఆకరిసారి వొచ్చినప్పుడు. సంకేతం వొచ్చినట్టు దానికి తెలీదు కదా?"

"తెలీదండి."

"అన్నం తినెల్లు" అన్నాడు. ఆనపకాయ పులుసుతో నాకు పెట్టి, తను తినలేదు. వచ్చేటప్పుడు పళ్లెం చేతికిచ్చాడు. కుదురు మాత్రం ఇంట్లోకి పట్టుకెళ్లిపోయాడు.

సాయంత్రం ఐదున్నర రైలు. దారంతా ఒకటే ఆలోచన, నేను తొందరపడకపోతే ఈశ్వరి తను గెలిచానని తెలుసుకునే కన్నుమూసేది. పొందూరు దాటాక ఎదుటి ముసలమ్మ నా ఒళ్లో పళ్లేన్ని వేలితో తట్టింది.

"ఇది మోగదేటి బాబూ?"

"మోగుతుందమ్మా" అన్నాను. ఎత్తి చూపించడానికి చేతులు రాలేదు.