గట్టు కింద టేకు తలుపులు

మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. మా అశోక్‌నగర్ ఇంట్లో ఆవిడ గిన్నెలన్నీ వంటగట్టు కింది అలమరలో ఉంటాయి. కింద చతికిలబడి, తల లోపలికి పెట్టి, చెయ్యి చాపితే గానీ వెనక గిన్నె అందదు. దాంతో ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని నన్ను పిలవడం మొదలెట్టారు.

"ఏమే, ఆ ఇత్తడి గిన్నె తీసివ్వు. అది కాదే, దాని వెనకది."

రోజుకి పదిసార్లు. నాకసలే ముక్కు మీద కోపం. ఓ రోజు ఆ గిన్నె తీసి గట్టు మీద ఠంగుమని పెట్టాను. ఆవిడ మర్నాటి నుంచి వంట మానేశారు. ఎందుకని అడిగితే, "అడుక్కుని వండే వంట నాకొద్దులేవే" అన్నారు. ఇరవయ్యేళ్లు ఆవిడ చేతి చారు తిన్నదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

అలమర లోపల ముందుకి లాగే సొరుగు పెట్టిద్దామన్నాను. కుర్చీలో కూర్చునే లాక్కోవచ్చు. ఆవిడ చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. "పెట్టించు. ఆ తలుపుల మీద మాత్రం గీత పడకూడదు" అన్నారు. అవి మామగారు టేకు కొనుక్కొచ్చి, వడ్రంగి పక్కన నిలబడి చేయించిన తలుపులు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆవిడ ఇప్పటికీ వాటిని తన పాత చీర ముక్కతోనే తుడిపిస్తారు.

అలమర లోపల ఈ గోడ నుంచి ఆ గోడకి రెండుసార్లు టేపు పెట్టి కొలిచాను. ఆ కొలతతో కాచిగూడలో సొరుగు చేయించి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. చిక్కడపల్లి కార్పెంటరు సాయంత్రం వస్తానన్నాడు. అంతదాకా ఆగితే నేనెందుకవుతాను? అత్తగారు పడుకున్నారు కదా అని, తలుపులు రెండూ తెరిచి సొరుగు లోపలికి తోశాను. ఇరుక్కుంది. గట్టిగా తోశాను. కర్ర్‌మంది. కుడి తలుపు లోపలి వైపు జానెడు గీత.

కొబ్బరినూనె రాశాను, పోలేదు. తలుపు మీద మసిగుడ్డ వేలాడదీశాను.

సాయంత్రం కార్పెంటరు వచ్చి సొరుగు చూశాడు, తలుపు చూశాడు. "ఏందక్కా, లోపల కొల్చినవ్, మంచిగనే ఉంది. తలుపు తెరిస్తె దాని మందం యాడికి పోతది? రెండు దిక్కుల లోపలికే వస్తది గద. ఇగ సొరుగు లోపలికెట్ల పోతది, బయటికెట్ల వస్తది?" అన్నాడు. మాట్లాడుతూనే మసిగుడ్డ ఎత్తాడు. గీత చూసి, నన్ను చూసి, మళ్లీ దించేశాడు.

సొరుగు విప్పి తీసుకెళ్లి, వెడల్పు తగ్గించి రెండో రోజు తెచ్చాడు. తలుపులకి పాత దుప్పటి చుట్టాడు. అలమర లోపల రెండు పక్కలా తలుపు మందం కన్నా కాస్త లావు చెక్కపట్టీలు బిగించి, సొరుగు జారే చానెళ్లు వాటికి కొట్టాడు. స్క్రూలు పొట్టివి ఏరుకున్నాడు. "పొడుగుది పెడితె అవుతల దిక్కు తేల్తది" అన్నాడు. ఒక్క వేలితో లాగితే సొరుగు ఏ తలుపుకీ తగలకుండా బయటికొచ్చింది.

కార్పెంటరు వెళ్లాక అత్తగారు కుర్చీ అలమర ముందుకి జరిపించుకుని సొరుగు లాగారు. ఇత్తడి గిన్నె ఆవిడ మోకాళ్ల దాకా వచ్చింది. తీసి ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత, నేను భయపడినట్టే, మసిగుడ్డ తొలగించారు.

"తప్పు నాదే అత్తయ్యా. ఆగలేక నేనే తోశాను."

"తెలుసు. మసిగుడ్డ తలుపు మీద ఆరేసే తెలివి ఈ ఇంట్లో ఇంకెవరికుంది?" బొటనవేలితో ఆ గీతని తడిమారు. "మీ మామగారుంటే ఇల్లు పీకి పందిరేసేవారు." ఒళ్లో ఉన్న ఇత్తడి గిన్నెని దగ్గరికి జరుపుకున్నారు. "ఏడాదైందే, నా గిన్నె నా చేత్తో తీసుకుని. పోనీలే, ఉండనీ గీత. చారు నేను పెడతా గానీ, నువ్వెళ్లి గుమ్మం దగ్గర కూర్చో."

ఆవిడ గట్టు పట్టుకుని లేచారు. నేను ఆ కుర్చీ తీసుకెళ్లి గుమ్మం దగ్గర వేసుకుని కూర్చున్నాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, ఆ ఇత్తడి గిన్నెని గట్టు మీద ఠంగుమని పెట్టారు.

నేను నోరెత్తితే ఒట్టు.