పాతర మీద బండ

నవ్వుతూ అన్న మాట ఇంత బరువెక్కుతుందని తెలియదు. ఏళ్లుగా మోస్తున్నాను. పేరు అడగకండి. నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య జట్కా తోలేవాణ్ణి. మూడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. నోరు తెరిస్తే జనం నవ్వాలి, అదే నా జబ్బు.

క్విట్ ఇండియా రోజుల్లో మా ఊరి దగ్గర టెలిగ్రాఫ్ తీగ తెంచింది ఇద్దరం. నేను, దూది ఏకే మస్తాన్. పోలీసులు రాగానే మస్తాన్ నన్ను నేలలో తవ్విన ఖాళీ జొన్నల పాతరలోకి దించి, పైన బండ మూసి, దాని మీదే నిలబడ్డాడు. లాఠీలకు అతని మణికట్టు విరిగింది. మళ్లీ దూది ఏకలేకపోయాడు. నా పేరు మాత్రం చెప్పలేదు.

నేనేం చేశాను? టీ అంగడిలో కథను తిరగేశాను. పాతరలో దూకి చెయ్యి విరగ్గొట్టుకుని, మూసిన బండ కింద నక్కింది మస్తాన్, దూరంగా తీగ దగ్గరే లాఠీలకు ఎదురు నిలిచింది నేను. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. నా పిరికితనం దాచడానికి చెప్పానా, ఆ నవ్వు కోసమే చెప్పానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో చరిత్ర రాసే పంతులొకాయన నా జట్కా ఎక్కాడు. రాజుల కథలు చాలట, నిన్నమొన్నటి మామూలు మనుషుల చరిత్ర కావాలట. ముగ్గురిని విడివిడిగా అడుగుతాడు. మాట కలిస్తేనే రాస్తాడు. మంచి పద్ధతే. కానీ ఆయన అడిగిన ముగ్గురూ నా కథ విని నవ్వినవాళ్లే. అది నాకొక్కడికే తెలుసు. మస్తాన్‌ను అడిగితే ‘అందరూ చెప్పినాక నేనేం చెప్పేది సామీ’ అన్నాడట. చివరికి నన్నడిగాడు. ‘అంతే సామీ’ అని గుర్రాన్ని అదిలించాను.

పుస్తకం అచ్చయింది. బడిలో మస్తాన్ కొడుకును ‘పాతరోడు’ అన్నారు. వాడు బడి మానేశాడు. అప్పుడొచ్చాడు మస్తాన్ నా జట్కా దగ్గరికి.

“ఏమప్పా, పాతరలో ఉండింది నేనా?”

“నవ్వులాటకు అన్నాలే అన్నా.”

“నేనూ నవ్వినాలే. ఒకటే అడుగుతాండా. నేను లోపలుంటే, పైన బండ మూసిందెవరప్పా? అంత చదివినాయనకు అదే తోచలేదా?”

వంగి గుర్రానికి గడ్డి వేశాను.

“నువ్వన్నా చెప్పు. పిల్లోడు బడికి పోతాడు.”

చెబుతానన్నాను. చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే మస్తాన్ పోయాడు. కొడుకిప్పుడు బస్టాండులో మూటలు మోస్తున్నాడు. నన్ను చూస్తే నమస్కారం పెడతాడు, పుస్తకంలో ఉన్న వీరుణ్ణి కదా.

పేరు లేని ఈ రాత చూసి ఎవరూ ఆ పేజీ దిద్దరు. తెలుసు. పేరు పెట్టే ధైర్యం ఇప్పటికీ లేదు. అయినా ఒక్కసారి నా చేత్తో రాసి పెడితే ఊపిరి కాస్త ఆడుతుందేమో.

లోపల ఉన్నది నేను. బండ మూసింది మస్తాన్.