గాలిడబ్బా శ్రుతి చేసిన రోజులు

మొన్న మా మనవడు మోటారు సైకిలు సర్వీసింగుకి ఇవ్వడానికి అమలాపురం వెళుతుంటే, ఇంట్లో కూర్చుని చేసేదేముందని నేనూ వెనక ఎక్కాను. అక్కడ మెకానిక్కు సీటు కింది నుంచి అరచెయ్యంత నల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఊడదీసి, ఇది పగిలిందండి, లేకపోయినా బండికి లోటేం లేదు, లోపల ఎలాగూ ఖాళీయే అంటూ చెత్తబుట్టలోకి గిరాటేశాడు. నేను లేచి వెళ్లి దాన్ని తీసి చూశాను. అన్ని పక్కలా మూసుకుని, ఒక పక్క చిన్న మెడ, లోపల గాలి తప్ప మరేం లేదు. తాత చెత్తబుట్టలో చేయి పెట్టడం మా మనవడికి నామోషీ అనిపించింది కాబోలు, నన్ను మెల్లిగా తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ రోజుల్లో ఆయిల్ ఇంజన్ల చుట్టూ తిరిగిన నా ఈడువాళ్లు ఇది చదువుతుంటే ఈపాటికే పోల్చుకుని ఉంటారు. ఇప్పుడు దాన్నేమంటారో గాని మేము గాలిడబ్బా అనేవాళ్లం. ఖాళీయే అన్న ఆ మాట మాత్రం నేను ఒప్పుకోలేను. ఎందుకంటే ఆ ఖాళీ ఎంత ఉండాలో తేల్చడంలోనే మా బావగారి రెండు చెవులూ పోయాయి, ఆ పాపంలో సగానికి పైగా నాదే.

బావగారంటే మా పెద్దక్క భర్త. డెబ్బయ్యో దశకం మొదట్లో నేను ఐటీఐలో ఫిట్టరు ట్రేడు పూర్తిచేసి, ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టుకుంటూ ఈగలు తోలుకుంటున్న కాలంలో, ఆయనే కబురు పంపి మామిడికుదురు దగ్గర కాలవగట్టు మీదున్న తన షెడ్డులోకి తీసుకున్నారు. షెడ్డంటే పెద్దగా ఊహించుకోకండి. పైన కొబ్బరాకుల కప్పు, కింద రెండు బల్లలు, ఒక గోడకి మేకులకు వేలాడే స్పానర్లు, ఎప్పుడూ డీజిలు వాసన. బావగారు ఎనిమిదో తరగతి దాటలేదు. వాళ్ల నాన్నగారు కామందుల పొలాల్లో కూలి చేస్తూనే ఆదివారం నాడు తెల్లచొక్కా తొడుక్కుని ప్రార్థన మందిరంలో కీర్తన ఎత్తుకునేవారట. ఆ గొంతు కొడుక్కి రాలేదు గాని చెవి మాత్రం వచ్చింది. మందిరంలో హార్మోనియం బావగారిదే. పాడేవాళ్లలో ఎవరు ఏ వరసలో ఎంత తప్పారో తల తిప్పకుండానే చెప్పేవారు. పెళ్లిళ్లకి బ్యాండువాళ్లు వస్తే మేమంతా భోజనాల వైపు చూస్తుంటే, ఆయన ఆ క్లారినెట్టువాడి దగ్గరికి వెళ్లి రీడు మార్చుకోమని బతిమాలేవారు.

ఈ గాలిడబ్బా గోల మొదలైంది కూడా మందిరం దగ్గరే. మందిరానికి ఆనుకుని వడ్లు ఆడే చిన్న మిల్లొకటి ఉండేది. పంట కోసి ఒబ్బిడి చేసే రోజుల్లో దానికి ఆదివారం అన్న సంగతే గుర్తుండేది కాదు. పాస్టరుగారి ప్రసంగం పెదాల కదలికలో చూసుకోవలసిందే. మిల్లాయన మంచివాడు గనుక ఇటుకలతో గొయ్యి కట్టించి పొగగొట్టాన్ని అందులోకి దించాడు. అయినా మోత తగ్గలేదు. ఒక సోమవారం బావగారు ఇంజను చుట్టూ నాలుగుసార్లు తిరిగి, గాలి పీల్చుకునే గొట్టం మూతికి అరచేయి అడ్డం పెట్టి, తీసి, మళ్లీ పెట్టి నా వైపు చూసి, “ఒరేయ్, ఇది పొగ వదిలే చప్పుడు కాదోయ్, గాలి పీల్చే చప్పుడు!” అన్నారు. ఆ గొట్టం పక్కన ఒక ఖాళీ కిరసనాయిలు డబ్బా మెడతో సహా అతికించి చూస్తే మోత కొంచెం తగ్గింది. ఇంకో సైజు డబ్బా పెడితే ఇంకొంచెం తగ్గింది. మరో డబ్బా పెడితే పెరిగింది. హార్మోనియంలో ఒక్కో మెట్టుకి ఒక్కో రీడు ఉన్నట్టే ఒక్కో ఇంజనుకి ఒక్కో ఖాళీ ఉంటుందని ఆయన ఆ రోజే తేల్చేశారు.

ఆ ఖాళీని వెతకడానికి ఆయన కనిపెట్టిన పద్ధతి ఏ పుస్తకంలోదీ కాదు. డబ్బాని గొట్టం కింద మెడ పైకి వచ్చేలా వేలాడదీసి, పక్కన ఒక కన్నం పొడిచి గరాటు బిగించేవాళ్లం. పంపు నీళ్లు తోడుతుండగానే, ఇంజను తన మామూలు వేగంలో ఉండగానే, ఆయన కుడిచెవి గొట్టం మూతి దగ్గరపెట్టి, ఎడమచెవి వేలితో మూసుకుని, చిన్న గిద్దె గ్లాసుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోసేవారు. నీళ్లు పెరిగేకొద్దీ లోపలి ఖాళీ తగ్గుతుంది, ఖాళీ తగ్గేకొద్దీ మోత వరస మారుతుంది. సరిగ్గా ఒకచోట ఆ బొయ్యిమనే మోత నోరు నొక్కేసినట్టు అణిగిపోయేది. అక్కడ ఆపాలి. ఇంజను కట్టేసి, ఆ నీళ్లు దించి కొలుచుకుని, ఆ మేరకు డబ్బా కోసి కొత్త అడుగు అతకాలి. ఆపవలసిన చోట ఆపకుండా పోస్తూనే ఉంటే మోత మళ్లీ లేస్తుంది. ఇంకా పోస్తే నీళ్లు మెడ దాకా వచ్చి ఇంజను వాటిని లోపలికి లాగేస్తుంది. గాలిని నొక్కినట్టు నీళ్లని నొక్కడం కుదరదు గనుక పిస్టను కింది రాడ్డు పుల్లలా వంగి ఊరుకుంటుంది. అందుకని ఆ పని ఆయన ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు, నాకు కూడా.

పరీక్షలు నా వంతు. పంపు గొట్టంలోంచి నీళ్లు దూకే చోట ముందే ఒక పుల్ల పాతేవాణ్ణి. డబ్బా పెట్టాక నీళ్లు ఆ పుల్లని దాటి పడితే ఇంజను ఇంకాస్త బాగా లాగుతున్నట్టు లెక్క. పొగగొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టి మసి చూసేవాణ్ణి. మా అక్క ఉతికి ఆరేసిన పంచలు ఈ మసి పరీక్షలకి ఎన్ని పోయాయో, ఆ విషయంలో ఆవిడ మమ్మల్ని ఎన్నేసి మాటలందో చెబితే ఇదొక పురాణమవుతుంది. రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ కూడా రైతులు వెతుక్కుంటూ వచ్చేవారు. “ఆయ్, ఆ చెవాయనే కావాలండి” అని అడిగేవారు. షెడ్డుకి బోర్డు లేదు, ఆయన చెవే బోర్డు.

ఏడెనిమిదేళ్లు అలా గడిచాయి. ఆ గొట్టాల మూతుల దగ్గర పెట్టి పెట్టి ఆ చెవి ఏమవుతోందో మాలో ఎవరికీ తట్టలేదు. మొదట తెలిసింది నాకే. ఒకనాడు మోత అణిగిపోయిన తరవాత ఆయన ఇంకో గిద్దె పోశారు. పొరపాటనుకున్నాను. వారం తిరక్కుండా మళ్లీ అదే. ఇంటి దగ్గర అక్క, “మీ బావగారు రేడియో కాలవ అవతలికి వినపడేలా పెడతన్నార్రా, అడిగితే నాకే చెవుడంటన్నారు” అని నవ్వుతూ చెప్పింది. మందిరంలో కీర్తన అయిపోయినా హార్మోనియం మరో చరణం పోయేది. జనం ఆయన భక్తి అనుకున్నారు.

నేను చెప్పలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ చెప్పలేదు. ఇంత పేరున్న మనిషిని, అక్క మొగుణ్ణి, నాకు తిండిపెట్టి మనిషిని చేసినవాణ్ణి పట్టుకుని, మీకు వినపడటం లేదండి అని ఏ నోటితో చెప్పను? పైగా ఆ మాట బయటికి పొక్కితే షెడ్డు గడప ఎవరు తొక్కుతారన్న భయం ఒకటి. అది ఆయన కోసమే అని చెప్పుకున్నాను గాని నా కోసం కూడాను. దానికి బదులు నేనొక తెలివి చేశాను. ఆయన నీళ్లు పోస్తుంటే ఎదురుగా నిలబడి, మోత అణగగానే తల ఆడించేవాణ్ణి, ఆహా అన్నట్టు. కొన్నాళ్లకి ఆయన కళ్లు గొట్టం మీద ఉండటం మానేసి నా మొహం మీదే ఉండసాగాయి. తను అలా చూస్తున్న సంగతి ఆయనకే తెలియదని నా నమ్మకం. నా మొహంతోటి వింటున్నారు ఆయన. తేలు కుట్టిన దొంగలా నేనది చూస్తూ, ఎదురుగా నిలబడి తల ఆడిస్తూ మూడేళ్లు గడిపాను. ఆ మూడేళ్లూ ఆ చెవి ఆ మోత దగ్గరే ఉంది.

ఎనభైల మొదట్లో ఒక దాళ్వా పంటకి ముమ్మిడివరం అవతల శివారు చేల రైతొకాయన పిలిచారు. ఇంజను ఇంటికి దగ్గర, ఇంట్లో కూతురు పురిటికి వచ్చి ఉంది, ఆ మోతకి చంటిబిడ్డ కునుకు తీయడం లేదని ఆయన బాధ. డబ్బా కట్టాం, ఇంజను వేశాం, బావగారు గిద్దె పట్టుకున్నారు. నేను ఎప్పట్లాగే ఎదురుగా నిలబడ్డాను. ఇంతలో వెనకనుంచి రైతు బొండం కొట్టి, “తాగండి బాబూ, ఎండలో వచ్చేరు” అంటూ అందించారు. మర్యాద కదా, అటు తిరిగి రెండు చేతులా అందుకున్నాను. వద్దండీ అంటే ఒప్పుకోరు, తాగాను, బిడ్డ ఎన్నో నెల అని అడిగాను. అంతే. నా మొహం కనపడకపోయేసరికి బావగారు పాత అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని, చెవి గొట్టానికి ఆనించి పోస్తూ ఉండిపోయారు. మోత అణగడం నాకు వినపడింది, మళ్లీ లేవడమూ వినపడింది, బొండం పారేసి తిరిగేలోపల ఇంజను లోపల ఒక్క గుద్దు గుద్ది నిలిచిపోయింది. చేనంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా బావగారు కళ్లు మూసుకునే నవ్వుతున్నారు.

“అణిగిందోయ్. విన్నావా, ఎంత బాగా అణిగిందో!”

కళ్లు తెరిచి, కదలకుండా ఉన్న చక్రాన్నీ, నీళ్లు ఆగిపోయిన గొట్టాన్నీ చూశాక ఆయన మొహం ఎలా అయిందో రాయడం నా చేతకాదు. రైతు పల్లెత్తు మాట అనలేదు. ఈనబోతూ పొట్ట మీదున్న చేను ఎండిపోకుండా మర్నాడే మా షెడ్డులోని ఇంజను బండి మీద వేయించుకెళ్లి బిగించి వచ్చాం.

ఆ వారమే కాకినాడ తీసుకెళ్లాను. అక్క కూడా వచ్చింది. డాక్టరుగారు అన్నీ చూసి, ఈ వినపడకపోవడం ఎప్పట్నుంచని అడిగారు. బావగారికి ప్రశ్న అందక నా వైపు తిరిగారు, జవాబు నన్నే చెప్పమన్నట్టు. “ఈ మధ్యేనండి” అన్నాను. డాక్టరుగారు నమ్మలేదు. నరం దెబ్బతింది, ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు, మొదట్లోనే తెచ్చి ఆ మోతకి దూరంగా ఉంచి ఉంటే మిగిలిందైనా నిలిచేది, ఇప్పుడు చేసేదేం లేదన్నారు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. బస్టాండులో బల్ల మీద కూర్చున్నాక బావగారు, వినపడనివాళ్ల గొంతు ఎంత పెద్దదవుతుందో మీకు తెలుసుగా, నలుగురూ తిరిగి చూసేలా అడిగారు.

“నీకు ముందే తెలుసేంట్రా?”

తెలియదని తల అడ్డంగా ఊపాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, నా భుజం మీద చెయ్యేసి, “తెలిస్తే చెప్పకుండా ఉంటావా ఏంటి” అన్నారు.

తరవాత పన్నెండేళ్లు బతికారు. షెడ్డు మూసేశాం, నేను కాలిన కరెంటు మోటార్లకి తీగ చుట్టే పనిలోకి పోయాను. హార్మోనియం ఇంకెవరో వాయించారు. మందిరంలో ఆయన నా పక్కనే కూర్చుని, కీర్తన ఎంతవరకు వచ్చిందో, ప్రార్థన అయిందో లేదో నా మొహం చూసి తెలుసుకునేవారు. ఎవరైనా సైగలతో ఆయన చెవుల ఊసెత్తితే, మా బావమరిది కనిపెట్టి ఉంటే ఆనాడే నన్ను కాకినాడ ఈడ్చుకుపోయేవాడండీ అని చెప్పేవారు. పక్కన నేను ఉండేవాణ్ణి.

ఇప్పుడు కాలవగట్టు వెంట ఎంత దూరం నడిచినా ఆయిల్ ఇంజను మోత లేదు. చేలు చాలావరకు చేపల చెరువులయ్యాయి, మోటార్లు మీట నొక్కితే తిరుగుతాయి, వాటికి ఎవరి చెవులూ అక్కర్లేదు. మనుషులూ మారారు. పోయిన నెల మా కోడలు నలుగురి మధ్యా, “మావయ్యగారూ, మీకు సరిగ్గా వినపడటం లేదండి, రేపు డాక్టరు దగ్గరికి వెళదాం, ఆయ్” అని మొహమ్మీదే చెప్పి, చెప్పినట్టే తీసుకెళ్లింది. ఈ కాలంవాళ్లకి పెద్దాచిన్నా లేదు, మర్యాద లేదు అని నా ఈడువాళ్లు అరుగుల మీద కూర్చుని అంటుంటే నేను మాత్రం వాళ్లతో గొంతు కలపలేను. మా రోజుల్లో మర్యాద నిండా ఉండేది. ఆ మర్యాద కోసమే మూడేళ్లు నోరు మూసుకున్నాను. క్షమించమని అడుగుదామంటే ఆయన లేరు. ఉన్నప్పుడు మాత్రం, క్షమించడానికి నేనేదో చేశానని ఆయనకు ఏనాడూ తెలియనివ్వలేదు. నన్ను నమ్మే వెళ్లిపోయారు.