గీత కదలని రోజు

2004లో, వానాకాలం వడ్లు మిల్లులకు చేరుతున్న రోజులు. బాన్సువాడ బస్టాండు దగ్గర నాకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటే కిరాయి కూడా వెళ్లేది కాదు. అందుకని బిచ్కుంద రోడ్డులోని, వడ్లను ఆవిరితో ఉడికించే ఒక బాయిల్డ్ రైస్ మిల్లుకు ప్రోగ్రాం రాసిచ్చాను.

బాయిలర్‌లో ఆవిరి ఒత్తిడి ఎంతుందో సెన్సర్ కొలిచి ఆఫీసులోని కంప్యూటర్‌కు పంపేది. తెర మీద అది గీతగా కనిపించేది. మిల్లు సేటుకు ఆ గీత తిన్నగా ఉంటే ముచ్చట. తిన్నగా నడిపిన షిఫ్టు వాళ్లకు సాయంత్రం మిర్చి బజ్జీలు తెప్పించేవాడు. వంకర పోతే అందరి ముందూ తిట్లే. ఊకను చేత్తో పోసే బాయిలర్‌లో ఒత్తిడి కాస్త ఎక్కుతూ దిగుతూ ఉంటుందని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

గీత అసలే కదలకపోతే మాత్రం సెన్సర్ పాడైనట్టే. అది పట్టుకునే కొత్త చెక్ ఒకటి ప్రోగ్రాంలో పెట్టడానికి ఒక రోజు మిల్లుకు వెళ్లాను. చివరి రీడింగులన్నీ అర్రేలో, అంటే వరుసగా ఉన్న గళ్లలో, ఉంటాయి. మొదటి అంకెతో మిగతావాటిని ఒక్కొక్కటిగా పోల్చాలి. తేడా కనబడగానే ఆగిపోవాలి, మిగతావి చూడక్కర్లేదు. మామూలుగా రెండో మూడో గడి దగ్గరే పని అయిపోతుంది. ఇలా పోల్చే లూప్ చివరిదాకా పోయిందంటే సెన్సర్‌కు ఏదో అయినట్టు.

నడిపి చూస్తే చివరిదాకా పోయింది. అన్నీ సమానం. నా కోడే తప్పనుకుని ఒక అంకెను మార్చి మళ్లీ నడిపాను. ఆ అంకె దగ్గరే ఆగింది, అంటే కోడు సరిగ్గానే ఉంది. లేచి బాయిలర్ షెడ్డుకు వెళ్లాను.

ఆ షిఫ్టులో బాయిలర్ చూసే సాయిలు ఊక పోస్తున్నాడు. సెన్సర్‌కు వెళ్లే సన్నని పైపు మీది వాల్వ్ మూసి ఉంది. మూసినప్పుడు అందులో చిక్కిన ఒత్తిడినే సెన్సర్ ఒకేలా పంపుతోంది. బాయిలర్ మీద ఒత్తిడి చూపే డయల్ మసితో నల్లబడిపోయింది. కంప్యూటర్ వచ్చాక దాన్ని తుడిచినవాళ్లు లేరు.

"ఈ వాల్వ్ ఎవరు మూసిండ్రు?"

"నేనే అన్నా. ఇగ గీత వంకరైతే సేటు ఊకుంటలేడు. గిట్ల మూస్తే సక్కగొస్తుంది."

"ముందు మంట ఆపు."

"సేటు చెప్పకుండ నేనెట్ల ఆపుత?"

ఆఫీసుకు పరుగెత్తాను. సేటు తెర వైపు చూపించి, "బియ్యం కోసం మద్నూర్ లారీలు నిలబడ్డయ్. గీత మంచిగనే ఉంది కదా, నీకేంది ఫికర్?" అన్నాడు.

"అది కదలాలె సేటూ. కదుల్తలేదు, అదే ఫికర్."

ఒత్తిడి మితిమీరితే ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్‌ను, ఆవిరి వృథా అవుతోందని ఆయన ముందే బిగించి పెట్టించాడని నాకు తర్వాత తెలిసింది. మేమింకా మాట్లాడుతుండగానే బాయిలర్ పేలి షెడ్డు రేకులు పైకి లేచాయి.

నిజామాబాద్ దవాఖానకు జీపులో తీసుకెళ్తుంటే సాయిలు కాలిన చేత్తో నా చొక్కా పట్టుకున్నాడు. "అన్నా, గీత సక్కగనే ఉండె గదా," అన్నాడు. మర్నాడు పోయాడు.

తప్పంతా సాయిలుదేనని సేటు ఊరంతా చెప్పాడు. సాయిలు భార్య గంగామణి నా సెంటర్‌కు వచ్చింది.

"మా ఆయన తప్పు చేసిండంటుండ్రు సార్. నువ్వన్న చెప్పు, నిజమేనా?"

"వాల్వ్ మూసిండు అక్కా. మూసేటట్టు చేసింది సేటు. ఎవరడిగినా ఇదే చెప్త."

ఆమె నా కంప్యూటర్ తెర వైపు చూసింది. "గీత మంచిగొచ్చిందని బజ్జీలు పొట్లం కట్టుకొస్తుండె. పిల్లలు వాకిట్ల నిలబడి చూస్తుండిరి," అంది.

అడిగిన ప్రతివాళ్లకూ ఆ మాటే చెప్పాను. సేటు మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఈ చెక్‌ను నేటికీ పాఠంగా చెబుతాను. తెర మీద "అన్నీ సమానం" అని రాగానే పిల్లలు ప్రోగ్రాం పనిచేసిందని సంబరపడతారు. అలా వచ్చినప్పుడు ముందు లేచి వెళ్లి, అక్కడ పనిచేస్తున్న మనిషిని చూసి రమ్మని చెబుతాను.